వెనక ఊరు కనబడాలి



రేడియోలో కూర్చుని బొమ్మలు తీయడం గురించి మాట్లాడతానంటే మా ఇంట్లో నవ్వారు. అయినా వచ్చాను. ఎందుకంటే నేను చెప్పబోయేది చాలావరకు చీకటి గురించి. చీకట్లో చూసేవాడూ వినేవాడూ ఒకటే.

విశాఖపట్నంలో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి, ఈ పదేళ్ళలో ఎక్కువగా విన్న మాట ఏమిటని. "అన్నయ్యా, వెనక ఊరు కనబడాలి." పెళ్ళికి ముందు జంటని కైలాసగిరి మీదకి తీసుకెళతాం. పొద్దుగూకాక కొండ అంచున నిలబెడతాం. కింద ఒడ్డు వెంబడి దీపాలు వంపు తిరుగుతూ ఆర్కే బీచి దాకా పోతాయి. వాటి చివర డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా సముద్రంలోకి ముక్కు పెట్టుకుని ఉంటుంది. ఎడమచేతి వైపు చీకటి నీళ్ళ మీద, రేవులోకి పిలుపు కోసం లంగరేసుక్కూర్చున్న ఓడల దీపాలు. కంటికి పండగలా ఉంటుంది. అదే కెమెరాలో చూస్తే ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక బొగ్గు.

ఈ బొగ్గు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. దాన్ని తయారుచేసింది నేనే కాబట్టి.

నా మొదటి ఉద్యోగం లైట్‌బాయ్. మా మేనమామకి చిన్న వీడియో స్టూడియో ఉండేది. వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలం. మన పెళ్ళిళ్ళలో సుముహూర్తాలు తెలిసినవే కదా, రాత్రి పదకొండుకి ఒకటి, తెల్లవారుజామున మూడుకి ఇంకొకటి. మావయ్య భుజం మీద కెమెరా, వెనకాల నా చేతిలో సన్‌గన్. సన్‌గన్ అంటే వెయ్యి వాట్ల హాలోజన్ దీపం, చేత్తో ఎత్తి పట్టుకోవాలి. పెళ్ళికూతురు కళ్ళు చికిలించుకునేది, పెళ్ళికొడుకు చెమటతో తడిసిపోయేవాడు, తలంబ్రాలతో పాటు పురుగులు కూడా రాలేవి. క్యాసెట్లో చూస్తే ముందున్న నలుగురి ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా, వాళ్ళ వెనకున్న మూడొందల మంది గల్లంతు. పందిరికి కట్టిన సీరియల్ బల్బులు కూడా మిణుగురుల్లా మిగిలేవి. ఎవరూ ఏమీ అనేవారు కారు. ముఖం తెల్లగా పడింది, అదే పదివేలు.

అలా పెరిగినవాణ్ణి కాబట్టి, మొదటిసారి ఒక జంటని కొండ ఎక్కించినప్పుడు నేను చేసిన పని కూడా అదే. ఇంకా పెద్ద దీపం తెచ్చాను.

ఇక్కడ మన కన్ను చేసే ఒక మోసం గురించి చెప్పాలి. మీరు కొండ మీద నిలబడి ఎదురుగా ఉన్న మనిషిని చూస్తారు, మరుక్షణం దూరంగా ఉన్న ఊరిని చూస్తారు. చూపు అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ కన్ను సర్దుకుంటుంది, బుర్ర ఆ రెండింటినీ కలిపి ఒకే బొమ్మగా కుట్టేస్తుంది. కెమెరాకి ఆ సౌకర్యం లేదు. బొమ్మ మొత్తానికి ఒకటే నిర్ణయం. ముఖం మీద వెయ్యి వాట్లు కుమ్మరిస్తే, ఆ ముఖం కాలిపోకుండా ఉండటానికి కెమెరా తన కంతని మూసుకుంటుంది. ముఖం బాగుంటుంది. ఐదారు కిలోమీటర్ల అవతల ఉన్న ఊరు మీ దీపానికి ఏమీ పెరగదు కదా, మూసుకున్న కంతలో అది మునిగిపోతుంది. ఊరిని వెలిగించే దీపం ఏ స్టూడియోలోనూ అద్దెకి దొరకదు.

కాబట్టి వరస తిరగేయాలి. ముందు దీపాలన్నీ ఆర్పేయండి. మనిషిని మరిచిపోండి. కెమెరాని ఊరి మీద పెట్టి, కంటికి ఊరు ఎలా ఉందో తెర మీద అలా వచ్చేదాకా సర్దండి. ఇక ఆ లెక్క ముట్టుకోకూడదు. అప్పుడు మనిషిని పిలిచి, సున్నా నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా వెలుగు చేర్చుకుంటూ రండి. ముఖం గుర్తుపట్టేటంత వచ్చిందా, ఆగిపోండి. ఊరు మన మాట వినదు, ముఖం వింటుంది. తగ్గవలసింది వినేదే.

ఎంత కొంచెం వెలుగు సరిపోతుందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. చిన్న ఎల్ఈడీ పలకకి బటర్ పేపరు రెండు మడతలు వేసి కట్టినా ఒక్కోసారి ఎక్కువే. అది తగ్గించడానికి మీట లేకపోతే దీపాన్ని పట్టుకుని వెనక్కి నడవండి. మీటరు దూరంలో ఉన్న దీపాన్ని రెండు మీటర్లకి జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. దీపాన్ని మనిషి వైపు కాకుండా ఒక థర్మాకోల్ షీటు వైపు తిప్పి, దాని మీద పడి తిరిగొచ్చిన వెలుగు వాడుకుంటే ఇంకా మెత్తగా ఉంటుంది. థర్మాకోల్ లేని రోజు నేను పెళ్ళికొడుకు తండ్రిగారి తెల్ల కండువా వాడాను. ఆయన చలికి వణుకుతూ కూడా ఏమీ అనలేదు.

ఫోనుతో తీసేవాళ్ళకి కూడా ఇదే సూత్రం. తెర మీద మనిషి ముఖాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ కదలకుండా ఆగిపోతుంది, పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి లాగండి. వెనక ఊరు మెల్లగా బయటికొస్తుంది. మనిషి నల్లబడితే ఇంకొకరి ఫోను టార్చి వెలిగించి, దాని మీద జేబురుమాలు కప్పి, పక్క నుంచి వెయ్యండి. ఎదురుగా కాదు, పక్క నుంచి.

"ఫోన్లో నైట్ మోడ్ ఉంది కదా" అని కుర్రాళ్ళు అడుగుతారు. ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఫొటోకి. ఒకటి రెండు సెకన్ల పాటు వరసగా బొమ్మలు తీసి, వాటన్నిటినీ కలిపి ఒకటిగా చేస్తుంది. జంట శిల్పంలా నిలబడితే చాలు. వీడియో వాడికి ఆ వెసులుబాటు లేదు. సెకనుకి 25 బొమ్మలు తీయాలి, ఒక్కో బొమ్మకీ మామూలుగా దొరికేది సెకనులో యాభయ్యో వంతు. ఆ యాభై అన్న అంకె కూడా ఊరికే పెట్టుకున్నది కాదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దాంతో దీపాలు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. ఆ లెక్కతో పొంతన లేని వేగం పెడితే ఊరి దీపాలు వణుకుతాయి, బొమ్మ మీద అడ్డంగా చారలు పాకుతాయి. అమెరికా నుంచి తమ్ముడు పంపాడని ఒకాయన కెమెరా తెచ్చాడు, అక్కడి అరవై లెక్క అలాగే ఉంచేసి. ఆయన తీసిన బీచి రోడ్డు చూస్తే కడుపులో తిప్పింది.

ఇక స్టూలు సంగతి. మావయ్య తరవాతి రోజుల్లో కొండ మీదకి వచ్చినప్పుడల్లా ఒక చిన్న చెక్క స్టూలు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. మోకాలికంటే తక్కువ ఎత్తు. మోకాళ్ళ నొప్పులకి కూర్చోవడానికనుకున్నాం. ఒక రోజు నేను పెళ్ళికూతుర్ని చక్కగా కంటి ఎత్తులో పెట్టి తీస్తుంటే వచ్చి చూశాడు.

"ఒరే, ఊరి దీపాలు ఎక్కడున్నాయో సూడు."

చూశాను. దీపాల వరస సరిగ్గా ఆ అమ్మాయి గెడ్డం కింద నుంచి అడ్డంగా గీత గీసినట్టు పోతోంది. ముఖం వెనక నల్లటి ఆకాశం తప్ప ఏమీ లేదు.

"పీక కోసినట్టుంది కదేటి? ఎక్కు."

స్టూలెక్కాను. అంతే, దీపాలన్నీ పైకి లేచి ఆ పిల్ల చెంపల వెనక, జడ పక్కన పరుచుకున్నాయి. ఎక్కింది ఒక్క అడుగు. దీని వెనక ఉన్న లెక్క నాకు తరవాత తెలిసింది. దిక్చక్రం ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. మనం పైకి వెళితే అదీ మనతో పాటు పైకి వస్తుంది, మనం వంగితే అదీ వంగుతుంది. కొండ మీద నుంచి చూసే ఊరు దిక్చక్రానికి కాస్త కిందగా ఉంటుంది. కాబట్టి కెమెరా ముఖం కంటే ఒకింత పైన ఉంటేనే ఊరు ముఖం వెనకకి వస్తుంది. సినిమా హీరోలని తీసినట్టు కింద నుంచి పైకి తీస్తే, రాత్రివేళ వెనకొచ్చేది ఉత్త నలుపు. ఇంత ఖరీదైన కెమెరాలు కొనేవాళ్ళు స్టూలు ఎందుకు తెచ్చుకోరో నాకిప్పటికీ అర్థం కాదు.

వెనక దీపాలు గుండ్రటి బిళ్ళల్లా కరిగిపోయి కనబడే బొమ్మలు మీరు చూసే ఉంటారు. అందులో ఒక చిత్రమైన కొలత ఉంది. మనిషి మీద ఫోకస్ పెట్టినప్పుడు, ఎంతో దూరాన ఉన్న ఒక దీపం ఆ మనిషి పక్కన ఎంత బిళ్ళగా కనబడుతుందంటే, సరిగ్గా లెన్సు కంత ఎంత వెడల్పో అంత. మేం వాడే 85 మిల్లీమీటర్ల లెన్సుని పూర్తిగా తెరిస్తే కంత వెడల్పు దాదాపు 47 మిల్లీమీటర్లు. అంటే దూరపు దీపం ప్రతి ఒక్కటీ మనిషి చెంప పక్కన పూర్ణంబూరె అంతగా వేలాడుతుంది. ఫోను లెన్సు కంత మిరియపు గింజంత. కాబట్టి ఫోనులో దీపాలు మిరియపు గింజల్లా ఉంటాయి. ఫోను చూపించే పెద్ద పెద్ద బిళ్ళలు లెక్కలు కట్టి అతికించినవి. అందుకే జుట్టు చివర్లు, జుంకాలు ఒక్కోసారి ఊరితో పాటు కరిగిపోతుంటాయి. ఇంకో మాట. అందరూ ఈ బూరెల మోజులో పడ్డారు కానీ, మరీ కరిగిపోతే అది ఏ ఊరైనా కావచ్చు. వెనక ఊరు కనబడాలి అన్న పిల్ల అడిగింది తన ఊరు. వంపు తిరిగిన ఆ ఒడ్డు గుర్తుపట్టేలా ఉండాలి. నేను లెన్సుని కాస్త మూసే తీస్తాను.

పూర్వం సినిమాలవాళ్ళు ఈ బాధంతా పడలేదు. బయట రాత్రి కావాలంటే పట్టపగలే తీసి, వెలుగు తగ్గించి, రంగుల సినిమా అయితే నీలం చేసి, ఇదే రాత్రి అనేవారు. ఫ్రెంచివాళ్ళు దీనికి అమెరికన్ రాత్రి అని పేరు పెట్టారు, ట్రూఫో 1973లో ఆ పేరుతోనే సినిమా తీశాడు. ఆ పద్ధతిలో చెట్టూ చేమా, కొండా కోనా రాత్రిలా కనబడతాయి. కానీ ఊరి దీపాలు? పగలు వెలగవు కదా. దూరపు ఊరు కావాలంటే నిజం రాత్రే కావాలి. మన దగ్గర ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ గారు ఇంకో దారి పట్టారు. 1957 నాటి మాయాబజార్‌లో పడవ మీద పాట చూడండి. ఆ వెన్నెల చంద్రుడిది కాదు, బార్ట్‌లీది. అంత మెత్తటి వెలుగు అంత కొంచెంగా వెయ్యడానికి ఎంత తెగింపు కావాలో, చేతిలో సన్‌గన్ పట్టుకున్నవాడికి తెలుస్తుంది.

నిజం రాత్రినీ, దాని వెనకున్న ఊరినీ పట్టుకోవాలని మొండిపట్టు పట్టిన మనిషి అమెరికాలో మైకేల్ మాన్. 2004లో కొలాటరల్ అనే సినిమా తీశాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక టాక్సీ, ఒక రాత్రి, అంతే కథ. అప్పటి ఫిల్ముకి ఆ ఊరి రాత్రి సరిగా అందదని చాలా భాగం డిజిటల్ కెమెరాలతో తీశాడు. కెమెరా పట్టినవాళ్ళు పాల్ కామెరాన్, డియాన్ బీబీ. టాక్సీ లోపల ముఖాలకి వాళ్ళు వాడినవి కాగితంలా పల్చగా ఉండే వెలుగు పలకలు. కారు లోపల అక్కడక్కడా అంటించారు. బయటి ఊరి వెలుగుని మించకుండా, దానికి సరిసమానంగా ఉండేటంత మసక వెలుగు. హాలీవుడ్ డబ్బుతో అంత పెద్ద దర్శకుడు చేసింది, మావయ్య స్టూలు మీద నిలబడి "తగ్గించు, ఇంకా తగ్గించు" అని అరిచిందీ ఒకటే పని.

పదేళ్ళకి, 2014లో, సోనీ వాళ్ళు ఏ సెవెన్ ఎస్ అనే చిన్న కెమెరా తెచ్చారు. పిక్సెళ్ళు తక్కువ, కోటీ ఇరవై లక్షలే. కానీ ఒక్కో పిక్సెల్ పెద్దది, ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. అందరూ పిక్సెళ్ళు పెంచుకుంటున్న రోజుల్లో వీళ్ళు తగ్గించారు. దాంతో మా బోటి పెళ్ళి వీడియో వాళ్ళ చేతిలోకి కూడా నిజం రాత్రి వచ్చేసింది.

అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడింది. స్తంభాలు విరిగి, తీగలు తెగి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రాత్రి మా మేడ మీద నుంచి చూస్తే కొండలెక్కడో సముద్రమెక్కడో తెలియలేదు. ఎన్నో ఏళ్ళుగా నా బొమ్మల వెనక ఉన్న ఊరు లేదు. కెమెరాలో కాస్త చార్జింగ్ మిగిలితే, కింద వాటాలో వాళ్ళు హరికేన్ లాంతరు చుట్టూ కూర్చుని అన్నం తింటుంటే తీశాను. తుఫానులో హరికేన్ లాంతరు ఏమిటని వాళ్ళే నవ్వారు. ముఖాలు బాగానే వచ్చాయి. వాటి వెనక ఏమీ లేదు. బొగ్గే, కానీ ఈసారి నేను చేసింది కాదు.

ఊరు మళ్ళీ వెలిగింది కానీ, అదే ఊరు కాదు. 2015లో విశాఖ వీధి దీపాలు దాదాపు 90 వేలు ఎల్ఈడీలుగా మారాయి. పాత సోడియం దీపాలు మీకు గుర్తుండే ఉంటాయి, పసుపు రాసిన గడపలా ఉండేవి. కొండ మీద నుంచి ఊరంతా బంగారు రంగు. ఆ వెలుగులో ఎర్ర చీరా ఆకుపచ్చ చీరా ఒకేలా మట్టి రంగులో కనబడేవి, అదో తలనొప్పి. మనిషి మీద తెల్ల దీపం వేస్తే ఊరికీ మనిషికీ పొత్తు కుదిరేది కాదని దీపాలకి నారింజ జిలాటిన్ కాగితాలు చుట్టేవాళ్ళం. ఇప్పుడు ఊరు పాలతెలుపు. కరెంటు మిగిలింది, రోడ్డు మీద గుంత కనబడుతోంది, నేను కాదనను. జిలాటిన్ ఖర్చు కూడా తగ్గింది. కానీ పాత క్యాసెట్లలో బంగారు రంగు ఊరు కనబడితే చెయ్యి ఆగిపోతుంది. లాస్ ఏంజెలెస్‌లో కూడా 2009 నుంచి దీపాలు మార్చడం మొదలుపెట్టారు. కొలాటరల్‌లో ఉన్న ఆ రాత్రి ఇప్పుడు ఆ ఊళ్ళోనూ లేదు, ఈ ఊళ్ళోనూ లేదు.

ఇంత చెప్పి అసలు వేళ గురించి చెప్పకపోతే తప్పు. బాగా చీకటి పడ్డాక తీయడం కంటే మునిమాపు వేళ తీయడం మేలు. ఆకాశం ముదురు నీలంలో ఉంటుంది, ఊరి దీపాలు అప్పుడే వెలుగుతుంటాయి, మనిషి తల వెనక నలుపు బదులు నీలం వస్తుంది, నల్లటి జుట్టు విడిగా తెలుస్తుంది. కైలాసగిరి నుంచి ఊరు నైరుతి వైపు ఉంటుంది కాబట్టి, చలికాలంలో అస్తమించిన పొద్దు వెలుగు కూడా ఊరి వైపే మిగులుతుంది. అయితే మన అక్షాంశంలో పొద్దు త్వరగా దిగిపోతుంది. పొద్దు కుంగాక 22, 24 నిమిషాలు, అంతే బేరం. ఆ 24 నిమిషాల్లో పెళ్ళికూతురికి కాటుక సర్దాలని వాళ్ళ పిన్ని గుర్తుచేసుకుంటుంది.

ముఖాల గురించి ఒక మాట. "మా అమ్మాయి కొంచెం చామనచాయ బాబూ, లైటు ఎక్కువ వెయ్యి" అని తల్లులు చెవిలో చెబుతారు. వెయ్యను. రాత్రి వెలుగులో చామనచాయ ముఖానికి పక్క నుంచి చిన్న వెలుగు తగిలితే, చెంప ఎముక మీద, ముక్కు మీద, పెదవి మీద సన్నటి మెరుపు వస్తుంది. ఆ మెరుపుకీ వెనకాల దీపాల చుక్కలకీ చుట్టరికం కుదురుతుంది. తెల్లగా పూసిన ముఖం అక్కడ అతికించిన బిళ్ళలా ఉంటుంది. ఆ తల్లుల్లో కొందరు నాకు డబ్బులు ఆలస్యంగా ఇచ్చారు. ఇచ్చారు.

మావయ్య సంగతి ఒకటి చెప్పి లేస్తాను. అప్పటికి నేను ఇంకా లైట్‌బాయ్‌నే. భీమిలి దగ్గర ఒక పల్లెలో పెళ్ళి, రాత్రి లగ్నం. తాళి కట్టడం అయ్యాక పంతులుగారు వధూవరులని పందిరి బయటికి తీసుకొచ్చారు, అరుంధతిని చూపించడానికి. పగలు పెళ్ళయినా చూపిస్తారు, మనం చూశామంటాం. ఆ రోజు మాత్రం నిజంగానే రాత్రి, మబ్బు లేదు. సప్తర్షుల తోకలో వశిష్ఠుడు, ఆయన పక్కనే ఆనీ ఆనని అరుంధతి. నేను అలవాటుగా సన్‌గన్ ఎత్తాను. వెయ్యి వాట్లు ముఖాన పడితే ఇంక చుక్కేమిటి, చూరు కూడా కనబడదు.

"లైటార్పీరా," అన్నాడు మావయ్య.

"ఆర్పేస్తే ఏటి కనబడతాది మావయ్యా?"

"ఆళ్ళకి సుక్క కనబడతాది. ఆర్పు."

ఆర్పాను. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆ వీహెచ్ఎస్ కెమెరాకి ఆ చీకట్లో ఏమీ దొరకలేదు. దక్షిణం దిక్కున విశాఖపట్నం దీపాల కాంతి ఆకాశం అంచుకి కొంచెం అంటి ఉండేది, అది కూడా పడలేదు. తరవాత క్యాసెట్టు చూసిన పెద్దమనిషి, నలభై సెకన్లు ఖాళీగా వదిలేశారని లెక్కలో కొంత తగ్గించుకున్నాడు. ఖాళీ కాదు. మాటలున్నాయి. పంతులుగారు "అదిగో, ఆ పెద్ద చుక్క పక్కన" అంటారు. పెళ్ళికొడుకు "కనబడింది" అని టక్కున అనేస్తాడు. ఆడపెళ్ళివాళ్ళ వైపు నుంచి ఎవరో ముసలాయన "ఏదమ్మా, నాకేటీ అవుపడ్డం లేదు" అంటాడు. పెళ్ళికూతురు నవ్వుతుంది. "నాకూ లేదు తాతా" అంటుంది, మెల్లగా, పెళ్ళికొడుక్కి వినబడకుండా.

బొమ్మ లేదు, ఇప్పుడు మీకు లేనట్టే.